పాతది తీసేముందు కొత్తది నిలబెట్టండి

రంగురాళ్ల అక్వేరియాన్ని ఇసుక, మొక్కల తొట్టెగా మార్చుకునే పద్ధతి

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు చాలామంది అక్వేరియం కూడా కడుగుతారు. చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లను కుళాయి కింద తోమి, ఫిల్టరు స్పాంజిని నురగ పోయేదాకా పిండి, గాజు తుడిచి కొత్త నీళ్లు పోస్తారు. చూడ్డానికి తొట్టె తళతళలాడుతూ ఉంటుంది. నాలుగైదు రోజులకు ఒక చేప తేలుతుంది. వారం తిరిగేసరికి ఇంకో రెండు పోతాయి. నీళ్లు పడలేదంటారు, ఎవరి దిష్టో తగిలిందంటారు. నిజానికి వాటి ప్రాణం తీసింది ఆ శుభ్రమే.

నీలం, గులాబీ రంగు రాళ్లూ ప్లాస్టిక్ మొక్కలూ తీసేసి, ఇసుక పరిచి నిజమైన మొక్కలు నాటాలనుకునే వాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి. ఎందుకంటే ఆ మార్పులో పండగ కడుగుడు కంటే ఎక్కువే కదులుతుంది. ఆదివారం పూట మొదలుపెట్టి చీకటి పడేలోగా ముగించే పని కాదిది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందులో చేతికి పని తగిలేది రెండు మూడు పూటలే, మిగతాదంతా ఆగడం. ఆగాల్సిన చోట ఆగలేకపోవడం వల్లే చాలా తొట్లు పాడవుతాయి.

మొత్తం పనికి ఒకటే సూత్రం: పాతది తీసేముందు కొత్తది నిలదొక్కుకోవాలి.

కంటికి కనపడని కాపురం

చేప తిన్నది అరిగాక వ్యర్థం ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీటిలోకి వస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే. అది చేపకు విషం. చెరువులో నీరెక్కువ కాబట్టి ప్రభావం కనపడదు, వంద లీటర్ల గాజు తొట్టెలో రెండు మూడు రోజుల్లోనే తెలిసిపోతుంది.

అక్కడ చేపల్ని కాపాడేది బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మోతాదు మించనంతకాలం పెద్ద హాని లేదు. వారానికోసారి కొంత నీరు మారిస్తే తగ్గిపోతుంది, మొక్కలుంటే చాలావరకు అవే తీసుకుంటాయి.

ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ తిరిగేది తక్కువ. స్పాంజి రంధ్రాల్లో, రాళ్ల మీద, గాజు మీద అంటుకుని బతుకుతుంది. తొట్టెలోని రాయిని పట్టుకుంటే వేళ్లకు జిగటగా తగిలే పొరలోనే దాని కాపురం. పైగా అది పెరగడం చాలా నెమ్మది. కడుపులో ఉండే మామూలు బ్యాక్టీరియా అనుకూలిస్తే అరగంట లోపే రెట్టింపవుతుంది, ఇది రెట్టింపు కావాలంటే సగం రోజు నుంచి ఒక రోజు దాకా కావాలి. కొత్త తొట్టె కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది అందుకే. రాళ్లన్నీ ఒకేసారి తీసి బయట పోస్తే, ఆ వారాల సంపాదనలో పెద్ద భాగం రాళ్లతో పాటే పోతుంది. చేపలు మాత్రం అన్నీ అలాగే ఉంటాయి, అమ్మోనియా వదులుతూనే ఉంటాయి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే ఎక్కువ విషం. నీటి పీహెచ్, వేడి పెరిగేకొద్దీ ఆ రూపం పెరుగుతుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే పీహెచ్ 8 అయితే ఆరేడు వంతులవుతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా, పీహెచ్ ఎక్కువగా ఉంటాయి. దానికి ఏప్రిల్, మే ఎండ తోడైతే చిన్న పొరపాటుకే పెద్ద నష్టం. వీలైతే ఈ మార్పును శ్రావణం తర్వాత, వాతావరణం చల్లబడ్డాక పెట్టుకోండి.

ముందు మీ ఫిల్టరేదో చూసుకోండి

చాలా ఇళ్లలోని తొట్లకు అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాని మీద రెండు మూడు అంగుళాల రాళ్లు పోసి ఉంటాయి. మూలనున్న గొట్టంలో ఎయిర్ పంప్ బుడగలు పైకి లేస్తూ నీటిని లాగుతాయి. ఆ లాగుడుకి తొట్టెలోని నీరు రాళ్ల సందుల్లోంచి కిందికి దిగి గొట్టం ద్వారా మళ్లీ పైకొస్తుంది. దీన్నే అండర్ గ్రావెల్ ఫిల్టర్ అంటారు. ఇక్కడ రాళ్లే ఫిల్టరు. వాటిని తీయడమంటే అందం మార్చడం కాదు, ఫిల్టరు పీకేయడం.

ఈ పలక మీద ఇసుక పోస్తే కుదరదు. రేణువులు చిల్లుల్లోంచి కిందికి జారతాయి, మిగిలినవి గట్టిపడి నీటి దారి మూసేస్తాయి. కాబట్టి పలక పోవాల్సిందే. అది పోయేలోపు దాని పని చేసేది ఇంకోటి సిద్ధంగా ఉండాలి.

మీ తొట్టె ఇలాంటిదైతే మొదట కొనాల్సింది ఇసుకా కాదు, మొక్కలూ కాదు. తొట్టె పరిమాణానికి సరిపడే స్పాంజి ఫిల్టరు కొనండి. ఉన్న పంపుకే టీ జాయింటు వేసి కొత్త గొట్టం కలపవచ్చు, బుడగలు తగ్గితే రెండో పంపు పెట్టుకోండి. పాత ఫిల్టరు నడుస్తుండగానే దీన్నీ నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. రాళ్ల సందుల్లోని మురికిని కొద్దిగా తీసి స్పాంజి మీద పిండితే బ్యాక్టీరియా త్వరగా చేరుతుంది. ఈ వారాల్లో స్పాంజిని కడగకండి. నల్లబడుతోందని మనసు పీకుతుంది, అయినా కడగకండి.

చివరి రెండు వారాల్లో రాళ్లను కొంచెం కొంచెం తగ్గించండి. వారానికి మూడో వంతు చాలు. పలక బయటపడకుండా అంతటా సమానంగా పైపైన తీయాలి. ఒకచోట పలక తేలితే నీరంతా ఆ సందులోంచే దిగిపోతుంది, మిగతా రాళ్లకు ప్రవాహం అందదు. ప్రతిసారీ తీసిన రెండు మూడు రోజులకు అమ్మోనియా పరీక్ష చేయండి. చుక్కల మందుతో చేసే టెస్ట్ కిట్ అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది. సున్నా చూపిస్తే స్పాంజి బరువు మోస్తోందని అర్థం. సున్నా దాటితే ఇంకో వారం ఆగండి.

గాజు అంచుకు వేలాడే ఫిల్టరో, లోపల మోటారుతో నడిచేదో ఇప్పటికే ఉంటే మీ పని తేలిక. బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం అందులోనే ఉంటుంది. మార్పుకు రెండు వారాల ముందు నుంచి, తర్వాత ఇంకో నెల దాకా దాని స్పాంజిని ముట్టుకోకపోతే చాలు. మరీ అడ్డుపడితే తొట్టె నుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండండి. కుళాయి నీటిలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది.

ఇసుక ఎంచుకోవడం, కడగడం

ఇసుక వల్ల వచ్చే లాభం అందంతో ఆగదు. రాళ్ల సందుల్లోకి జారిన మేత చేప నోటికి అందదు, అక్కడే కుళ్లుతుంది. ఇసుక మీద పడింది పైనే కనపడుతుంది, చేప తింటుంది, లేదంటే మీరు గొట్టంతో తీసేస్తారు. అడుగున తిరిగే కోరిడోరస్ లాంటి చేపలకు మూతి దగ్గర సున్నితమైన మీసాలుంటాయి. అవి ఇసుకను నోట్లోకి తీసుకుని, తిండి ఏరుకుని, మొప్పల్లోంచి ఇసుకను వదిలేస్తాయి. గరుకు రాళ్ల మీద వాటికి ఆ పని సాగదు, మీసాలు అరిగిపోతాయి. గోల్డ్ ఫిష్ కూడా అడుగంతా నోటితో జల్లించే చేపే. రాళ్ల తొట్టెలో ఒక్కోసారి రాయి దాని గొంతులో ఇరుక్కుంటుంది.

ఏ ఇసుక కొనాలి?

ఎం-శాండ్ వద్దు. రాయిని పగలగొట్టి చేసింది కాబట్టి అంచులు పదునుగా ఉంటాయి, రాతిపిండి ఎక్కువగా వస్తుంది. సముద్రపు ఇసుకా వద్దు. అందులో ఉప్పుంటుంది, గవ్వలు, చిప్పల ముక్కలుంటాయి. అవి నెమ్మదిగా కరుగుతూ నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ పెంచుతాయి. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలోనూ నీటిశుద్ధి ప్లాంట్లలోనూ వాడే సిలికా ఇసుక అన్నిటికన్నా నమ్మకం. రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి, దుమ్ము తక్కువ. అది దొరక్కపోతే జల్లెడ పట్టిన నది ఇసుక పనికొస్తుంది. రేణువు బొంబాయి రవ్వంత, అంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి. మరీ మెత్తనిది గట్టిగా అతుక్కుపోతుంది, మరీ ముతకది మళ్లీ రాళ్ల కిందే లెక్క.

నది ఇసుకైతే ఒక పరీక్ష చేయండి. గుప్పెడు ఇసుకను ఆరబెట్టి దాని మీద తెల్ల వెనిగర్ పోయండి. బుసబుసమని బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టే, పక్కన పెట్టేయండి.

ఎంత కావాలో లెక్క సులువు. తొట్టె పొడవు, వెడల్పు, ఇసుక మందం సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటరు ఇసుక సుమారు కిలోన్నర నుంచి 1.6 కిలోలు తూగుతుంది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పున్న తొట్టెలో 5 సెం.మీ. మందం కావాలంటే పదమూడున్నర లీటర్లు, అంటే ఇరవై కిలోల పైచిలుకు. ముందువైపు 3 సెం.మీ., వెనకవైపు 6 సెం.మీ. వచ్చేలా వాలుగా పరిస్తే మొక్కల వేళ్లకు చోటు దొరుకుతుంది, చూపుకు లోతూ వస్తుంది. అంతకు మించి మందం వద్దు. లోతైన ఇసుకలోకి ఆక్సిజన్ చేరదు, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది.

కడగడం మాత్రం ఓపిక పని. బకెట్లో పావు వంతు ఇసుక వేసి, నిండా నీళ్లు పట్టి, చేత్తో అడుగుదాకా కలియబెట్టి, మట్టి నీటిని వంచేయండి. నీరు తేటపడేదాకా అదే పని. ఇరవై కిలోలకు ఒక ఉదయం పడుతుంది. ఆ నీటిని సింకులోనో బాత్రూం తూములోనో పోయకండి, ఇసుక చేరి పైపు పూడుతుంది. పెరట్లో మొక్కలకు పోయండి. సబ్బు తగిలిన బకెట్, సర్ఫ్ వాడిన టబ్ ఈ పనికి దగ్గరకు రానీయకండి.

1850 నాటి ఒక ప్రయోగం

గాజు తొట్టెలో మొక్క, చేప కలిసి ఒకదాన్నొకటి బతికించుకోగలవా అన్న ప్రశ్నకు లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ప్రయోగం చేసి చూశాడు. పన్నెండు గ్యాలన్ల గాజు పాత్రలో ఇసుక, రాళ్లు వేసి, వాలిస్నేరియా మొక్క నాటి, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను వదిలాడు. మొదట బాగానే ఉంది. కొన్నాళ్లకు మొక్క పాత ఆకులు కుళ్లి నీరు మసకబారింది, గాజుకు పాచి పట్టింది. ఆయన పాత్రను ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టలేదు. లోటేమిటో చూసి, కుళ్లిన ఆకులు తినే చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. నీరు తేటపడింది. నత్త గుడ్లు చేపలకు తిండి కూడా అయ్యాయి. ఈ పరిశీలనను 1850లో లండన్ కెమికల్ సొసైటీకి నివేదించాడు.

ఇళ్లలో అక్వేరియం పెట్టుకునే అలవాటుకు పునాది వేసినవాటిలో ఈ ప్రయోగం ఒకటి. ఇందులో మనం పట్టుకోవాల్సింది నత్త కాదు, ఆయన తీరు. తేడా వచ్చినప్పుడు ఒక్క లోటు గుర్తించి, ఒక్కటే చేర్చి, ఫలితం చూశాడు.

మన నీటికి, మన ఎండకు తట్టుకునే మొక్కలు

ఇంటర్నెట్‌లో కనిపించే ఎర్రటి మొక్కలు, నేలంతా పరుచుకునే పచ్చిక చూసి మోజుపడకండి. వాటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, బలమైన వెలుగు, మెత్తటి నీరు, చల్లటి వాతావరణం కావాలి. వేసవిలో మన గదుల్లో తొట్టె నీరు 30 డిగ్రీలు దాటుతుంది. దానికి తట్టుకునేవే తెచ్చుకోవాలి.

వెనకవైపుకు వాలిస్నేరియా. పొడవాటి రిబ్బను ఆకులు, ఇసుకలో తీగలు పాకిస్తూ పక్కన పిలకలు వేస్తుంది. చాలా నీటిమొక్కలు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌నే వాడుకుంటాయి. వాలిస్నేరియా, హైడ్రిల్లా కఠిన జలంలో ఉండే బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలవు. బోరు నీళ్లు వీటికి లోపం కాదు, వరం.

వేగంగా పెరగడానికి హైడ్రిల్లా, సెరటోఫిల్లం. సెరటోఫిల్లంకు వేళ్లే ఉండవు, నీటిలో వదిలేస్తే చాలు. ఇలా వేగంగా పెరిగేవి మొదటి వారాల్లో అమ్మోనియాను నేరుగా లాక్కుని బ్యాక్టీరియా మీద భారం తగ్గిస్తాయి. అందుకే మొదట్లో ఇవి ఎక్కువగా ఉండాలి. తర్వాత తగ్గించుకోవచ్చు.

మధ్యలోకి క్రిప్టోకొరైన్ వెండ్టీ. శ్రీలంక వాగుల మొక్క, వెలుగు తక్కువైనా బతుకుతుంది. పెద్ద తొట్టె అయితే ఒక అమెజాన్ స్వోర్డ్.

కట్టె మీదికి, రాయి మీదికి అనుబియాస్, జావా ఫెర్న్. వీటికి అడ్డంగా పాకే లావాటి దుంప కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. కాండాన్ని నూలు దారంతో కట్టెకు కట్టండి, దారం చివికేలోపు వేళ్లు పట్టుకుంటాయి.

నాటేటప్పుడు వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, స్వోర్డ్ మొక్కల మొదలు, అంటే వేళ్లూ ఆకులూ కలిసే చోటు, ఇసుక పైన కనపడాలి. దుకాణంలో కట్టలకు చుట్టిన సీసపు పట్టీ, వేళ్ల చుట్టూ ఉన్న దూది లాంటి పదార్థం తీసేయండి. ఇసుకలో పోషకాలు ఉండవు కాబట్టి స్వోర్డ్, క్రిప్టోకొరైన్ వేళ్ల పక్కన ఎరువు బిళ్లలు గుచ్చాలి. వాటిని రూట్ ట్యాబ్స్ పేరుతో అమ్ముతారు. ఇసుక కింద తోటమట్టి వేసే పద్ధతి కూడా ఉంది. డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. అయితే కొత్తగా తడిసిన మట్టి మొదట్లో అమ్మోనియా వదలవచ్చు. చేపలున్న తొట్టెను మార్చేటప్పుడు ఆ ప్రయోగం వద్దు.

చెరువు నుంచి హైడ్రిల్లా తెచ్చుకుంటే జలగలు, తూనీగ పిల్లపురుగులు, పొలాల మందు అవశేషాలు వెంటరావచ్చు. పొటాషియం పర్మాంగనేట్ వేసిన లేత గులాబీరంగు నీటిలో 10 నిమిషాలు ఉంచి, బాగా కడిగి, వారం పాటు వేరే బకెట్లో పెట్టి చూసి, అప్పుడు వేయండి.

మార్పు రోజు చేయాల్సినవి, వరుసగా

1. ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపండి. కొత్తగా పోయబోయే నీటిని రెండు రోజుల ముందే టబ్బుల్లో పట్టి ఉంచండి. మున్సిపల్ నీళ్లయితే ఎయిర్ పంప్ పెట్టి ఒకటి రెండు రోజులు కదిలిస్తే క్లోరిన్ చాలావరకు పోతుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే ఇంకా నిశ్చింత. వంటింటి ఆర్‌ఓ నీళ్లు ఒక్కటే పోయకండి. అందులో లవణాలు మరీ తక్కువ, చేపలకూ మొక్కలకూ అవి కావాలి.

2. రాళ్లను కదపకముందే పైనున్న తేట నీటిని సగం దాకా శుభ్రమైన బకెట్లలోకి తోడి దాచండి. చేపల్ని అందులోకి మార్చి, ఎయిర్ రాయి వేసి, దూకకుండా మూత పెట్టండి.

3. స్పాంజి ఫిల్టరును అదే బకెట్లో పెట్టి నడవనివ్వండి. అది ఆరిపోకూడదు, ఆగిపోకూడదు. ఈ రోజు మొత్తంలో జాగ్రత్తగా చూసుకోవాల్సింది దీన్నే.

4. రాళ్లను ప్లాస్టిక్ మగ్గుతో తీయండి. ఎంత నల్లటి మురికి లేస్తుందో చూస్తే చేపల్ని ముందే ఎందుకు తీశామో తెలుస్తుంది. రెండు గుప్పిళ్ల రాళ్లను కడగకుండా వల సంచిలో కట్టి, బకెట్లో దాచిన తొట్టె నీటిలోనే ఉంచండి. అడుగు పలక తీసేయండి.

5. మిగిలిన మురికి నీటిని గొట్టంతో లాగేయండి. లోపల బరువుండగా తొట్టెను ఎత్తకండి, జరపకండి. అడుగు గాజు పగిలేది అప్పుడే.

6. కడిగిన ఇసుక పరిచి వాలు సరిచేయండి. అరచేయి మునిగేంత, అంటే 8 నుంచి 10 సెం.మీ. నీరు పోయండి. మొక్కలు నాటడానికి అదే అనువైన లోతు. పొడి ఇసుకలో నిలబడవు, నిండు తొట్టెలో తేలిపోతాయి. నేలలో సగానికి పైగా మొక్కలతో నింపండి. నాలుగు మొక్కలతో మొదలుపెడితే మిగిలిన వెలుగు పాచికి దక్కుతుంది.

7. ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి దాని మీదుగా నెమ్మదిగా నీళ్లు పోయండి. దాచిన పాత నీరు సగం, సిద్ధం చేసిన కొత్త నీరు సగం. రెండిటి వేడీ ఒకేలా ఉందో లేదో చూసుకోండి.

8. స్పాంజి ఫిల్టరును చిన్న పలకరాయి మీద పెట్టండి, ఇసుక పీల్చదు. రాళ్ల సంచిని దాని పక్కనే ఉంచండి. మోటారు ఫిల్టరు ఉంటే ఇసుక సర్దుకునేదాకా ఆన్ చేయకండి, రేణువులు మోటారును అరగదీస్తాయి. అప్పటిదాకా దాని స్పాంజిని తొట్టె నీటిలో తడిగా ఉంచి, పక్కన బుడగలు ఆడనివ్వండి.

9. ఓ గంట ఆగి చేపల్ని వదలండి. నీరు కొద్దిగా మసగ్గా ఉన్నా భయం లేదు. ఆ రోజు మేత వద్దు, దీపమూ వద్దు.

మొదటి నెలలో కంగారుపెట్టేవి

మార్పు రోజు కంటే తర్వాతి నెలలోనే చాలామంది తొట్టెను పాడుచేస్తారు. కనపడిన ప్రతిదానికీ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఏది మామూలో, ఏది ప్రమాదమో ముందే తెలిస్తే చెయ్యి ఆగుతుంది.

మొదటి రెండు రోజుల మసక ఇసుక దుమ్ము, దానంతటదే దిగుతుంది. నాలుగైదు రోజుల తర్వాత పాలు కలిపినట్టు తెల్లబడితే అది నీటిలో తేలే వేరే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. నీరంతా పారబోయకండి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. రెండిట్లో ఏది 0.25 పీపీఎం దాటినా పావు వంతు నీరు మార్చి, మేత సగం చేయండి. తగ్గేదాకా రోజూ అంతే.

రెండో వారంలో క్రిప్టోకొరైన్ ఆకులు గాజులా పలచబడి కరిగిపోవచ్చు. నీరు మారినప్పుడు ఆ మొక్క చేసే పనే అది. పీకేయకండి. వేళ్లు బతికే ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకులొస్తాయి. కరిగిన ఆకులు మాత్రం తీసేయండి. దుకాణాల్లో చాలా మొక్కల్ని వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. ఆ గాలి ఆకులు నీటిలో పోయి, నీటి ఆకులు వస్తాయి.

మూడో వారంలో ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొర కనిపిస్తుంది. డయాటమ్ అనే ఒక రకం పాచి, కొత్త తొట్టెలో మామూలే. తుడిచేయండి, నెల రెండు నెలల్లో తగ్గుతుంది. పచ్చటి పాచి పెరిగితే వెలుగు ఎక్కువైందని అర్థం. మొదటి నెల దీపం రోజుకు 6 గంటలు చాలు, తర్వాత 8 గంటలు. పది పదిహేను గంటలు వెలిగించడం మొక్కల మీద ప్రేమ కాదు. టైమర్ ప్లగ్ పెడితే మరచిపోయే బాధ ఉండదు. కిటికీ ఎండ నేరుగా పడే చోట తొట్టె ఉండకూడదు.

మొక్కలున్నాయి కదా అని రాత్రి ఎయిర్ పంప్ ఆపేవాళ్లున్నారు. వెలుగు ఉన్నప్పుడే మొక్క ఆక్సిజన్ ఇస్తుంది. చీకట్లో అది కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. వేసవి రాత్రుల్లో పంపు నడవాల్సిందే.

ఇసుకను శుభ్రం చేసేటప్పుడు సైఫన్ గొట్టాన్ని అందులో గుచ్చకండి. రెండు మూడు సెంటీమీటర్ల పైన గుండ్రంగా తిప్పితే మురికి లేచి గొట్టంలోకి వస్తుంది, ఇసుక అడుగునే ఉంటుంది. మొక్కలు లేని చోట వారానికోసారి సన్నటి పుల్లతో ఇసుకను కదపండి.

వీటన్నిటికీ మించిన నియమం: వారానికి ఒక్కటే మార్పు. పాచి పెరిగిందని వెలుగు తగ్గించి, ఎరువు ఆపి, మందు పోసి, నీరు మార్చారనుకోండి. పాచి తగ్గినా ఏది పనిచేసిందో తెలియదు. పెరిగినా ఏది చెడగొట్టిందో తెలియదు. చిన్న నోటు పుస్తకంలో తేదీ, అమ్మోనియా, నైట్రైట్, చేసిన మార్పు రాయండి. నెల తిరిగేసరికి మీ తొట్టె గురించి దుకాణదారు కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

ఏ చేపలతో కుదురుతుంది

గప్పీ, మోలీ, జీబ్రా డానియో, కోరిడోరస్ ఇసుక, మొక్కల తొట్టెలో హాయిగా ఉంటాయి. గోల్డ్ ఫిష్ ఉంటే మెత్తటి మొక్కలు తింటుంది, నాటినవి పీకుతుంది. దానికి రాయికి కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మాత్రమే పెట్టండి. ఫ్లవర్‌హార్న్ నేలంతా తవ్వి పోస్తుంది. దాని తొట్టెలో ఇసుక సరే, మొక్కల ఆశ వదులుకోండి.

పాచి తింటుందని వేలెడంత సక్కర్ ఫిష్‌ను అమ్ముతారు. అది అడుగుకు పైగా పెరుగుతుంది, మొక్కల్ని పెళ్లగిస్తుంది. పెరిగాక ఎక్కడ పెట్టాలో తెలియక జనం చెరువుల్లో వదిలేస్తారు. అలా చేరిన ఈ జాతి ఇవాళ మన చెరువుల్లో పెరిగి, జాలర్ల వలలు చింపుతోంది. దెయ్యం చేప అని వాళ్లు పిలిచేది దీన్నే. గుర్రపుడెక్క కూడా అందంగా ఉందని తెచ్చుకున్న పరాయి మొక్కే. మీ తొట్టెలో ఎక్కువైన మొక్కల్ని ఎండబెట్టి ఎరువులో కలపండి, చేపల్ని దుకాణానికో తెలిసినవాళ్లకో ఇవ్వండి. చెరువులో, కాలువలో వేయకండి.

ఎనిమిది వారాల పట్టిక

మొదటి నాలుగు వారాలు: పాత ఫిల్టరుతో పాటు స్పాంజి ఫిల్టరు నడపడం. రాళ్ల జోలికి వెళ్లకపోవడం. ఈలోగా ఇసుక తెచ్చి పరీక్షించి కడగడం, మొక్కలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడం.

ఐదు, ఆరు వారాలు: వారానికి మూడో వంతు రాళ్లు తగ్గించడం, అమ్మోనియా పరీక్ష. సున్నా అయితేనే ముందుకు.

ఆరో వారం చివర: మార్పు రోజు. మొక్కలు ఆ రోజుకో, ముందురోజుకో తెచ్చుకోవాలి.

ఏడో వారం: రోజూ పరీక్ష, సగం మేత, ఆరు గంటల వెలుగు.

ఎనిమిదో వారం: రెండు రోజులకోసారి పరీక్ష. అంకెలు నిలకడగా సున్నా ఉంటే మేత మామూలు చేయండి. రాళ్ల సంచిని ఇంకో రెండు వారాలు ఉంచి తీసేయండి.

ఈ పట్టికలో ఎక్కువ గడులు ఎదురుచూపువే. అవి ఖాళీ గడులు కావు, పని జరుగుతున్నది అక్కడే. మీరు మానాలనుకునే అలవాటుకైనా, మారాలనుకునే ఉద్యోగానికైనా ఇదే వరుస పనికొస్తుంది. రోజూ సాయంత్రం ఫోన్ చూడటం మానేస్తానని ఒట్టుపెట్టుకున్నవాళ్లు వారంలో మళ్లీ పట్టుకుంటారు, ఎందుకంటే ఆ గంటలో నిలబడే పని ఇంకోటి సిద్ధంగా లేదు. ముందు నడకో, పుస్తకమో ఆ గంటలో కుదురుకోవాలి. ఫోన్ తర్వాత తగ్గుతుంది.

ఇవాళ్టికి మీరు చేయాల్సింది చిన్న పని. తొట్టె అడుగున పలక ఉందో లేదో చూడండి. ఉంటే స్పాంజి ఫిల్టరు కొని తెచ్చి పెట్టి, నోటు పుస్తకంలో తేదీ వేయండి. రాళ్లను ముట్టుకోకండి.